కట్టు కట్టిన చేత్తో ఆపిన బంతి

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, మా అయ్యవారి ఆరోగ్యం కోసమని చెబుతాను. అప్పట్నుంచి చిత్తూరులో మోటారు సైకిళ్ళకు సీటు కవర్లు కుడుతున్నాను. ఊరి జనం ఏ భాగం మీద కూర్చుంటారో ఆ భాగం గురించే రోజంతా ఆలోచించే మనిషిని కాబట్టి, మనుషుల సంగతి నాకు కొంత తెలుసనే అనుకుంటాను. అయినా ఒక్క మనిషి మాత్రం చాలా ఏళ్ళు నాకు అంతుబట్టలేదు. ఆయన మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు ఒకప్పటి గోల్‌కీపరు, మేమంతా అన్న అని పిలిచేవాడు.

మా ఊళ్ళో ఫుట్‌బాల్ చూసేవాళ్ళు రెండు రకాలు. ఆట తెలిసినవాళ్ళు మైదానం మధ్య గీతకు ఎదురుగా, షామియానా నీడలో కుర్చీలేసుకుని కూర్చుంటారు. మాలాంటివాళ్ళం ఎండలో గోలు వెనక నిలబడతాం. అదీ ఏ గోలు వెనకంటే ఆ గోలు వెనక కాదు, ఆయన కాసే గోలు వెనక. సగం ఆట అయి జట్లు వైపులు మారితే మేమూ మారేవాళ్ళం. సైకిళ్ళతో, బొరుగుల పొట్లాలతో, చెప్పులు చేత్తో పట్టుకుని మైదానానికి అడ్డంగా నడిచి అవతలి కొసకు చేరుకునేవాళ్ళం. రిఫరీ ఈలలూదేవాడు. ఈల ఆయన పని, నడక మా పని. దీనివల్ల ఒక చిక్కు ఉండేది. మా జట్టు గోల్స్ వేసేది ఎప్పుడూ అవతలి కొసనే కదా, వాటిలో ఒక్కటి కూడా మేము దగ్గర్నుంచి చూడలేదు. మేము ఇన్నేళ్ళూ చూసింది ఆయన వీపు.

ఆ వీపు గురించి చెప్పమంటే మాలో ఎవరైనా పూటంతా చెబుతారు. టీ కొట్టాయన మా గుంపుకు పెద్ద, అందరం ఆయన్ని మామ అంటాం. మామ కొట్టు దగ్గర సాయంత్రమైతే ఇదే పురాణం. ఒకాయన పెళ్ళిచూపులకు పోవాల్సిన రోజు మ్యాచికి వచ్చి సంబంధం పోగొట్టుకున్నాడు. దాని గురించి ఎవరైనా జాలి చూపిస్తే, "పోతే పోయిందిలేప్పా, ఆ పొద్దు కార్నరు బంతిని గాల్లోనే ఎట్ల పట్నాడు సూడు!" అంటాడు. ఇప్పటికి ఆయనకు వేరే పెళ్ళయి మనవరాలు కూడా పుట్టింది. బంతి మాత్రం ఇంకా గాల్లోనే ఉంది.

ఆయన బంతి పట్టే తీరు వేరు. మిగతా కీపర్లు బంతిని కొడతారు, గుద్దుతారు, దాని మీద పడతారు. ఆయన చేతులు ముందుకు చాచి, బంతి తగిలేటప్పుడు చేతుల్ని కొంచెం వెనక్కి లాక్కునేవాడు. చప్పుడే వచ్చేది కాదు. దానికి కారణం మామిడి. వాళ్ళది తోతాపురి తోట. పైనున్నవాడు కాయ కోసి వదిలితే కింద ఉన్నవాడు పట్టాలి. గట్టిగా పడితే కాయకు దెబ్బ తగులుతుంది, దెబ్బ తగిలిన కాయను గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు పక్కకు నెట్టేస్తారు. నడక వచ్చినప్పట్నుంచి కాయలు పట్టిన చేతులవి. "మనం బంతి అనుకుంటాండాము గానీ, ఆయనకు అదీ కాయేప్పా" అనేవాడు మామ.

ఇక అసలు సంగతి. చాలా ఏళ్ళ కింద, ఎండాకాలం టోర్నమెంటు ఫైనల్లో మాకు తిరుపతి క్లబ్బుతో పోటీ పడింది. తిరుపతి వాళ్ళంటే మాకు భక్తి కొండ మీది వరకే. కొండ దిగాక పోటీయే. ఆ రోజు అన్న కుడిచేతికి పుత్తూరు కట్టుతో మైదానంలోకి వచ్చాడు. మా పక్క ఎముక విరిగితే ఆస్పత్రి కన్నా ముందు పుత్తూరు బస్సు గుర్తొస్తుంది. ఆడ ఆకు పసరు, గుడ్డుసొన పూసి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగిస్తారు. ఆ కట్టు మీద గ్లవ్ ఎక్కక, ఎవరిదో పెద్ద మేజోడు తొడిగారు. రెండ్రోజుల ముందు, పొద్దున్నే ప్రాక్టీసులో చెయ్యి గోలు స్తంభానికి తగిలిందట. మాలో ఎవ్వరం చూడలేదు. పొద్దున్నే లేవడానికి మేమేమన్నా ఆటగాళ్ళమా, అభిమానులం. రెండో కీపరు దిగాల్సింది గానీ, వాడికి గవదబిళ్ళలు వచ్చి మొహమే బంతిలాగా అయిపోయింది.

మా జట్టు ఒక గోలు వేసింది. ఎప్పట్లాగే మేము చూడలేదు. ఆట అయిపోవచ్చే ముందు తిరుపతి వాళ్ళకు పెనాల్టీ ఇచ్చారు. వాళ్ళ ముందువరస ఆటగాడొకడు బంతి పెట్టాడు, కట్టున్న చేతి వైపు ఒకసారి చూశాడు, అటే కొట్టాడు. అన్న అటే దూకాడు. బంతి ఆ కట్టుకే తగిలి స్తంభం పక్కనుంచి బయటికి పోయింది. మేము గెలిచాం.

మొదట అరిచింది మామే.

"కట్టు దొంగదప్పోయ్! ఇరిగిన చేత్తో ఎవుడన్నా బంతి ఆపుతాడా? తిరప్తోళ్ళను ఆ పక్కకే కొట్టేట్టు చేసినాడు! ఏం బుర్రప్పా ఇది!"

అంతే. ఆ మాట అందరికీ అంటుకుంది. అన్నను భుజాలకెత్తుకుని ఊరేగించాం. "దొంగకట్టు, దొంగకట్టు" అని పాట కట్టాం. జట్టులోవాళ్ళకు అసలు సంగతి తెలిసే ఉండాలి కదా, వాళ్ళు కూడా మీసం దువ్వుకుని, "మాకు ముందే తెల్సులే, పైకి చెప్పకూడదని ఊరకున్నాము" అన్నారు. కొన్ని నెలలకు అన్న ఆట మానేశాడు. తర్వాత మైదానం వైపే రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం ఒకటి తొలుస్తూనే ఉంది. కట్టు దొంగదా, నిజమైనదా? దొంగదైతే ఆ తెలివి గురించి చెప్పుకోవడానికైనా ఒక్కసారి టీ కొట్టుకు రావాలి కదా?

ఈమధ్య మా గుంపుకు వాట్సాప్ గ్రూపు వచ్చింది. అందులో తెల్లారితే దేవుడి బొమ్మ, పొద్దుగూకితే దొంగకట్టు కథ. చివరికి మామ అన్నకు సన్మానం చెయ్యాలని తీర్మానించాడు. ఆ రోజు పెనాల్టీ కొట్టిన తిరుపతి ఆటగాణ్ణి ముఖ్య అతిథిగా పిలిచాడు. ఆయనకిప్పుడు అలిపిరి దగ్గర బొమ్మల కొట్టుంది. ఒక పెద్ద ఫ్లెక్సీ వేయించారు. అందులో అన్న పాత ఫోటో, కట్టు కట్టిన చెయ్యి ఇంత లావున, కింద "మా దొంగకట్టు వీరుడికి స్వాగతం" అని రాత. ఆ బొమ్మను మామ అన్నకు ఫోనులో పంపాడు.

జవాబు ఒక్క ముక్కలో వచ్చింది. "నేను రాను."

మామ మొహం చల్లారిన టీలాగా అయింది. సన్మానం ఎవరికో ఆయనే రాకపోతే తిరుపతాయన ముందు ఊరి పరువేం కావాలి? "నువ్వు పో. మాటలకు నువ్వే కదా సరి" అని నన్ను తోలాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇన్నేళ్ళ దురద తీరే అవకాశం ఊరికే వస్తుందా?

వాళ్ళ తోట ఊరి బయట. నేను పోయేసరికి వదిన వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఇంట్లోకి చూసి కేకేసింది.

"ఇదిగో, నీ గోలు ఎనకాల మంద వచ్చినారు!"

"మంద కాదు వదినా, మందలో ఒకటే వచ్చింది. మిగతావి టీ కొట్టు కాడ మేస్తాండాయి" అన్నాను.

అన్న బయటికి వచ్చాడు. జుట్టు నెరిసింది. చేతులు మాత్రం అవే పెద్ద చేతులు. కుడిచేతి చిటికెన వేలు పక్క వేలు మీదికి ఎక్కి ఉంది, బస్సులో సీటు దొరకనివాడు పక్కవాడి ఒళ్ళో కూర్చున్నట్టు. నా చూపు పోయిన చోటు ఆయన చూశాడు.

"ఏమప్పా, సీటు కొలత తీసుకుంటాండావా?" అన్నాడు.

"అన్నా, సుట్టూ తిప్పి అడగడం నాకు రాదు. ఆ కట్టు దొంగదా, కాదా?"

"నువ్వేమనుకుంటావు?"

"నేనేమనుకున్నా లాభమేముండాది? ఊరంతా దొంగదంటాండారు."

"మా నాయన కూడా ఇదే మాట అన్నాడు" అని అరుగు మీద కూర్చున్నాడు. వదిన చాట పక్కన పెట్టి, "ఈ పొద్దన్నా చెప్పెయ్. నాకు చెప్పి చెప్పి నా చెవులరిగిపొయ్యినాయి" అంది.

అప్పుడు చెప్పాడు. చెయ్యి నిజంగానే విరిగింది. ఒక్కడే బస్సెక్కి పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకున్నాడు. తడపొద్దు, బరువు ఎత్తొద్దు, అతుక్కునేదాకా విప్పొద్దు అని చెప్పి పంపారు. మ్యాచి రోజు ఊరికే గోల్లో నిలబడితే చాలని క్లబ్బువాళ్ళు బతిమాలితే దిగాడు. బంతి వచ్చింది, చెయ్యి దానంతటదే పోయింది.

"మరి ఆ పొద్దే కాదని చెప్పాల్సింది కదన్నా!"

"యాడ చెప్పనిచ్చినారు? భుజాల మీద ఎక్కిచ్చుకోని, ఏం బుర్ర ఏం బుర్ర అంటిరి. నిజం చెప్తాండా, నాకూ బాగానే ఉండింది. బుర్ర ఉండాదని మా ఇంట్లో ఎవురూ ఎప్పుడూ అన్లా. పొద్దున చెప్దాంలే అనుకుంటిని." ఆయన నవ్వాడు. "నేను ఇంటికి వచ్చేలోపల మీ పాట వచ్చేసింది. మా నాయన వాకిట్లోనే నిలబడుకోనుండాడు. కోతల కాలం, కూలోళ్ళు దొరకలా. పనికి ఎగనామం పెట్టేదానికి దొంగ కట్టు కట్టుకున్న్యావా అన్నాడు. కాదు నాయనా, నిజంగా ఇరిగిందంటే, ఊరంతా చెప్తాంటే నువ్వొక్కడివి కాదంటావా అని కత్తెర తెచ్చి కత్తిరించేసినాడు."

నేను వదిన పక్కన పెట్టిన చాట అందుకుని, బియ్యంలో లేని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను.

"ఆ సీజనంతా కాయలు మోసినా. ఏలు ఇట్ల అతుక్కునింది. గ్లవ్ తొడిగితే బంతి నిలబళ్ళా. ఇడిసిపెట్టేస్తిని. ఇరిగింది బంతి తగిలి కాదబ్బా, వంకర పొయ్యిందీ బంతితో కాదు. మా నాయన పొయ్యేదాకా కూడా నమ్మలా. మీ దొంగకట్టు మీద ఎవురన్నా నవ్వితే ఆయనకు సిగ్గు. కొడుకు పనిదొంగ అని." వంకర వేలిని రుద్దుకుంటూ అన్నాడు. "మీరు నన్ను బాగానే తల్చుకుంటారు, నాకు తెల్సు. తల్చుకునేది నన్ను కాదు. బంతి ఆపింది మీ బుర్రున్నోడు. నేనాపలా."

అప్పుడు నాకు ఆయన ఎందుకు రానన్నాడో తెలిసింది. ఆ బంతి ఆపింది తానేనని ఒక్కరైనా నమ్మాలి, లేకపోతే ఆ శాలువా వేరే ఎవరికో కప్పుతున్నట్టే. బొమ్మలో కట్టు లేకుండా చేస్తే, మైకులో తన మాట తాను చెప్పుకోనిస్తే వస్తానన్నాడు. ఒప్పుకుని వచ్చేశాను.

మామ ఒప్పుకోలేదు.

"ఇన్నేళ్ళ కథను ఇప్పుడు మారిస్తే ఎట్లప్పా? నిజంగా ఇరిగిందంటే ఎవురికి సంతోషం? కథలో పసేముంటుంది?"

"పస కాదు మామా, ఎముక" అన్నాను.

మామది మొండితనమే అనుకున్నాను గానీ, ఆ పూట కవరు కుడుతూ ఆలోచిస్తే ఆయన మాటలోనూ ఏదో ఉందనిపించింది. నొప్పి ఓర్చుకుని బంతి ఆపాడంటే, ఆ ధైర్యం ఒక్క అన్నదే. అదే తిరుపతివాళ్ళను బురిడీ కొట్టించాడంటే, ఆ తెలివిలో గోలు వెనక నిలబడిన మాకూ కొంచెం వాటా వస్తుంది. ఎవరైనా ఏ కథను ఉంచుకుంటారు? వాటా ఉన్నదాన్నే.

ఫ్లెక్సీ మళ్ళీ వేయించడానికి మామ ససేమిరా అన్నాడు. సరే, నా విద్య నాకుంది కదా. నల్ల రెక్సిన్ ముక్కను గ్లవ్ ఆకారంలో కత్తిరించి, అంచులు మడిచి, ఫ్లెక్సీలోని కట్టు మీద కుట్టేశాను. రాతలో "దొంగకట్టు" మీద ఇంకో పట్టీ. దూరం నుంచి చూస్తే ఒంటిచేతికి గ్లవ్ తొడిగిన కీపరు. దగ్గరికి వస్తే బుల్లెట్టు బండి సీటు. మామ చూసి, "ఇంతకన్నా ఆ కట్టే బాగుండిందిరా" అన్నాడు గానీ పీకెయ్యలేదు.

సన్మానం మైదానంలోనే పెట్టారు. అన్న వచ్చాడు, వదినతో సహా. తెల్లచొక్కా వేసుకుని, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. శాలువా కప్పారు, దండ వేశారు, మామ కళ్ళు తుడుచుకున్నాడు. మైకు అన్న చేతికిచ్చారు. నేను వేదిక కింద గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను.

"అందరికీ నమస్కారం. ఒక్క మాట చెప్పి కూర్చుంటా. ఆ పొద్దు నా కట్టు నిజమైన కట్టే. నా చెయ్యి నిజంగానే ఇరిగుండింది."

వెనకనుంచి ఎవడో ఈల వేశాడు.

"సూడండప్పా, ఇంకా మనల్ని బురిడీ కొట్టిస్తాండాడు!"

మైదానమంతా నవ్వింది. చప్పట్లు. పెళ్ళిచూపులు పోగొట్టుకున్నాయన అయితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "నిజంగానప్పా, ఒట్టు" అని అన్న ఇంకోసారి అన్నాడు. నవ్వు ఇంకా పెరిగింది. నేను ముందుకొచ్చి, "నిజమేనయ్యా, నేను పొయ్యి కనుక్కోనొచ్చినా" అని అరిచాను. పుట్టినప్పట్నుంచి హాస్యమాడేవాడి మాట ఎవరు నమ్ముతారు? నన్ను చూసి కూడా నవ్వారు. వదిన తల దించుకుంది. అన్న మైకు మామకిచ్చి, కుర్చీలో కూర్చోకుండా మెట్ల వైపు నడిచాడు. వెళ్ళిపోతున్నాడని నాకు అర్థమైంది.

నవ్వనివాడు ఒక్కడే. ఆ తిరుపతి ఆటగాడు. పొట్ట వచ్చింది, కొంచెం కుంటుతున్నాడు. కుర్చీలోంచి లేచి మెట్ల దగ్గర అన్నకు అడ్డంగా నిలబడ్డాడు.

"చెయ్యి సూపించు" అన్నాడు.

అన్న జేబులోంచి చెయ్యి తీశాడు. తిరుపతాయన దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, చిటికెన వేలి కింద, అరచేతి అంచు పొడుగునా మెల్లగా ఒత్తుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు.

"ఈడ గనుపుండాది. చెరుకు గనుపు మాదిరి" అన్నాడు. "నా కాలుకూ ఉండాది. నేనూ పుత్తూరుకు పొయ్యొచ్చినోణ్ణే. ఇరిగి అతుక్కున్న ఎముక ఇట్లే ఉంటాది."

"చెప్తాండా కదబ్బా" అన్నాడు అన్న.

"మా ఊళ్ళో ఈ పొద్దుకూ నన్ను ఏమంటారో తెల్సా నీకు? దొంగ కట్టుకు మోసపొయ్యినోడు అంటారు. బొమ్మలు కొనేదానికి వచ్చినోళ్ళు కూడా అంటారు." ఆ గనుపును ఇంకోసారి ఒత్తి చూశాడు. "అంటే నేను మోసపోలా. నువ్వు ఆపినావు."

"ఆపినా."

"ఇరిగిన చెయ్యి అని సూసే ఆ పక్కకు కొట్టినా నేను."

"తెల్సు. నువ్వు సూసింది నేను సూసినా. అందుకే అటు దూకితిని."

తిరుపతాయన నవ్వు మొదలుపెట్టాడు. చిన్నగా మొదలై, భుజాలు ఊగేంతగా వచ్చింది. అన్నకూ అంటుకుంది. అవతల మామ మైకులో ఇంకా దొంగకట్టు కథే చెబుతున్నాడు. మెట్ల దగ్గర ఈ ఇద్దరూ చేతులు వదలకుండా నవ్వుతున్నారు. అన్న మెట్లు దిగి పోలేదు. తిరుపతాయన ఆయన్ని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు.

నేనూ వేదిక ఎక్కి వాళ్ళ వెనకకు చేరాను. వెనక నిలబడటం అలవాటే కదా.

"నొప్పి పుట్టిందా?" అని అడుగుతున్నాడు తిరుపతాయన.

"పుట్టకుండా? ప్రాణం పొయ్యింది. నోరంతా తెరిచి అరిచినా. ఎవురికి వినపడింది?"

నాకు వినపడింది. నేను సరిగ్గా ఆ స్తంభం వెనకే ఉన్నాను. బంతి తగలగానే ఆయన గొంతు చించుకుని అరిచాడు. గెలిచిన కేక అనుకున్నాం. అందరం ఆయన మాదిరే నోళ్ళు తెరిచి, ఆయనకన్నా గట్టిగా అరిచాం.